పదకొండు నెలలకోసారి సామాన్లు సర్దాల్సిందేనా?

ప్రశ్న: అయిదేళ్లలో ఇది మా నాలుగో అద్దె ఇల్లు. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసి అయిదు నెలలైంది. కొత్తది రాయలేదు కానీ ఓనరు గారు నెలనెలా అద్దె తీసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు వాళ్లబ్బాయి వస్తున్నాడని, పది రోజుల్లో ఖాళీ చేయకపోతే కరెంటు తీసేస్తానని అంటున్నారు. పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో రెండు నెలల అద్దె పట్టుకుంటారట. ఆయనకా హక్కు ఉందా? - ఒక పాఠకురాలు

జవాబు: పది రోజుల్లో పొమ్మనే హక్కు లేదమ్మా. గడువు దాటాక కూడా ఓనరు అద్దె తీసుకుంటుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం ఇంటి అద్దె నెలవారీగా కొనసాగుతున్నట్టే. దాన్ని ముగించాలంటే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అదీ రాతపూర్వకంగా, సంతకంతో. మెట్ల మీద ఎదురుపడినప్పుడు చెప్పింది నోటీసు కాదు. అగ్రిమెంటులో వేరే షరతు ఉందేమో మాత్రం ఒకసారి చూసుకోండి. ఆ గడువూ దాటితే ఆయన కోర్టుకు వెళ్లాలి గానీ ఫ్యూజు పీకకూడదు, తాళం వేయకూడదు. బలవంతంగా బయటికి పంపితే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

పెయింటింగ్ సంగతి కాస్త చిక్కే. మామూలు వాడకంతో గోడ మాసిపోతే అద్దెదారు బాధ్యత కాదని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతుంది. కానీ ‘ఖాళీ చేసేటప్పుడు ఇంత కోసుకుంటాం’ అన్న వాక్యం కింద మీరు సంతకం పెట్టి ఉంటే వాదన బలహీనపడుతుంది. చాలామంది ఆ పేజీ చదవరు.

అసలు పదకొండు నెలలే ఎందుకు? ఏడాది దాటిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరగడం తప్పుతాయని ఇద్దరూ పదకొండు దగ్గర ఆగుతారు. ఫలితం, ఏడాది తిరక్కుండానే ‘పెంచుతారా, వెళ్తారా’ అన్న మాట. మీ నాలుగు ఇళ్లలో ఎన్ని ఇలా మారాయో లెక్కేసుకోండి.

ఇప్పటికైతే అద్దె ఆపకండి, బ్యాంకు ద్వారానే కట్టండి. కరెంటు బెదిరింపు గురించి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. అబ్బాయి నిజంగానే వస్తుంటే మాత్రం కేసు కన్నా రెండు నెలల గడువు అడగడం మేలు. తర్వాతి ఇంటికి మూడేళ్ల లీజు రాయించుకుని రిజిస్టర్ చేయించండి. ఆ ఖర్చును ఒక్కసారి ఇల్లు మారే లారీ కిరాయితో పోల్చి చూడండి.