రెండు పూటలా తోమినా ఆరేళ్ళ బాబుకి దవడ పళ్ళు పుచ్చుతున్నాయని విజయవాడ నుంచి అడిగినవారికి

రాత్రి బ్రష్ అయ్యాక పంచదార వేసిన పాలు తాగి పడుకుంటాడు అన్నారు కదండీ, చాలావరకు కారణం అదే, నిద్రలో లాలాజలం తగ్గిపోద్ది, ఆ తీపి పళ్ళ మీదే ఉండిపోయి బాక్టీరియా దాన్ని యాసిడ్ చేసేస్తుంది.

1. ముందు పాలు, చివర్లో బ్రష్. తర్వాత మంచినీళ్ళే.

2. అందరూ వదిలేసేది ఇదే: తోమాక నురుగు ఉమ్మేయాలి అంతే, పుక్కిలించకూడదు. మనకేమో చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తేగానీ నోరు కడిగినట్టుండదు, దాంతో పన్ను పుచ్చకుండా కాపాడ్డానికి పేస్టులో వేసే ఫ్లోరైడ్ పంటికి పట్టకుండా సింక్‌లోకి పోతుంది. ట్యూబ్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం (అది ఎంత ఉందో చెప్పే కొలత) అని ఉందో లేదో చూడండి, బఠాణీ గింజంత పేస్టు చాలు, మీరే దగ్గరుండి తోమించండి.

3. గుంట పడిన పన్ను తోమితే బాగవదు. విజయవాడలోనే ఉన్నారుగా, గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో చూపించండి, కొత్తగా వచ్చే దవడ పళ్ళకి సీలెంట్ (పుచ్చకుండా పంటి గాళ్ళలో వేసే పూత) గురించి కూడా అడగండి.