ఎక్స్‌పోర్ట్ 190 యూనిట్లేనా?

ప్రశ్న: సార్, మార్చిలో మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు కూడా వచ్చింది. నెలకు 360 యూనిట్లు వస్తాయని పెట్టినవాళ్లు చెప్పారు. జులై బిల్లు చూస్తే ఎక్స్‌పోర్ట్ 190, ఇంపోర్ట్ 240. అంటే సగం ప్యానెళ్లు పనిచేయడం లేదనేగా? ఫోన్ చేస్తే "మబ్బులు మేడమ్" అంటున్నారు. మా మామగారు రోజూ సాయంత్రం మీటర్ దగ్గర నిలబడి లెక్కలు వేస్తున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. పక్కింటివాళ్లు ఈమధ్య మాకు దక్షిణం వైపు వాటర్ ట్యాంక్ కట్టారు, దాని వల్లేమైనా అయిందా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీ మామగారు నిలబడాల్సింది మీటర్ దగ్గర కాదు, ఇన్వర్టర్ దగ్గర. ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె అది.

ఎక్స్‌పోర్ట్ అంటే మీ ప్యానెళ్లు తయారుచేసిన కరెంటు మొత్తం కాదు. మీరు వాడుకోగా మిగిలి వీధిలోకి వెళ్లింది మాత్రమే. పగలు మోటారు వేస్తారు, వాషింగ్ మెషిన్ తిరుగుతుంది, ఫ్రిజ్ ఎలాగూ ఆగదు. వాటికి పోయిన సోలార్ కరెంటు నెట్ మీటర్ గుమ్మం తొక్కదు, కాబట్టి దాని లెక్కలోకి రాదు. జులైలో మీ ఇన్వర్టర్ 300 యూనిట్లు చూపించిందనుకుందాం. అందులో 190 బయటికి పోతే 110 మీరు పగలే వాడేశారు. సాయంత్రం నుంచి, మబ్బు వేళల్లో బయటి నుంచి తెచ్చుకున్నది 240. అంటే ఆ నెల మీ ఇంటి వాడకం 350 యూనిట్లు. బిల్లు వేసేది మాత్రం 50 యూనిట్లకు, పైన ఫిక్స్‌డ్ చార్జీలు. బిల్లును బట్టి ప్యానెళ్ల ఆరోగ్యం తేల్చడమంటే పక్కింటాయన దగ్గును బట్టి మీకు మందు రాయడమే.

ఇన్వర్టర్ తెరమీద గానీ ఫోన్ యాప్‌లో గానీ ఆ రోజు ఉత్పత్తి, మొదటి నుంచి మొత్తం ఉత్పత్తి అని రెండు అంకెలుంటాయి. ఆ రెండోది రోజూ పొద్దుగూకాక క్యాలెండర్ మీద రాయమనండి మామగారిని. మన ప్రాంతంలో ఏడాది మొత్తానికి సగటున కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు లెక్క. మీకు 360 అని చెప్పింది ఆ సగటే. వానాకాలంలో 290, 300 వచ్చినా తప్పు లేదు. "మబ్బులు" అన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ అంకె చూడకుండా ఆ మాట అంటే నాకూ ఒళ్లు మండుతుంది.

మబ్బు లేని రోజు దొరికితే పదకొండున్నర, ఒంటిగంట మధ్య చూడండి. 2.2 నుంచి 2.6 కిలోవాట్ల దాకా కనిపిస్తే ప్యానెళ్లు నిక్షేపంలా ఉన్నట్టే. 3 రాలేదని అడగకండి. ప్యానెల్ మీద రాసిన 540 వాట్లు, ప్యానెల్ వేడి 25 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. మే ఎండలో అది 60 డిగ్రీలు దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతూ పన్నెండు శాతం పైగా అక్కడే పోతుంది. రోహిణి కార్తె కంటే ఫిబ్రవరి మధ్యాహ్నం అంకె ఎక్కువగా కనిపించేది అందుకే.

అదే సమయంలో డీసీ వోల్టేజ్, అంటే ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌లోకి వచ్చే వోల్టేజ్, కూడా రాసుకోండి. మీ ఆరు ప్యానెళ్లూ ఒకే వరసలో కలిపి ఉంటే 220, 240 మధ్య ఎక్కడో ఉంటుంది. అదే ఎండలో ఒక రోజు నుంచి పన్నెండు వోల్టులు తగ్గి మళ్లీ పైకి రాకపోతే, ఒక ప్యానెల్‌లో మూడో వంతు పడుకుందని అనుమానించాలి. ప్యానెల్ వెనక నల్ల డబ్బాలో ఉండే బైపాస్ డయోడ్ (పనిచేయని భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించేది) పోతే ఇలా అవుతుంది. ముప్పై ఎనిమిదో నలభయ్యో తగ్గితే ఒక ప్యానెల్ మొత్తం పోయినట్టు. ఈ అంకె చెప్తే కంపెనీవాళ్లు మబ్బుల మాట ఎత్తరు. కనెక్టర్లు మాత్రం మీరు ఊడదీయకండి. అది రెండు వందల వోల్టుల పైన డీసీ, నిప్పు రేగితే ఆరదు.

యాప్‌లో రోజు గ్రాఫ్ కూడా ఉంటుంది. ఎండ రోజున బోర్లించిన మూకుడులా ఉండాలి. మా ఇంట్లో రెండో ఏడాది అది పళ్లు విరిగిన దువ్వెనలా తయారైంది. పదకొండు నుంచి రెండు దాకా సున్నాకు పడటం, లేవడం, మళ్లీ పడటం. ముప్పై ఏళ్లు కరెంటు పనిలోనే ఉండి కూడా, దుమ్మనుకుని మూడుసార్లు ప్యానెళ్లు కడిగాను! చివరికి మా ఆవిడ అంది: "రాత్రి మోటారు వేస్తే లైట్లు మందగిస్తున్నాయి, అది చూడరేం?" స్తంభం దగ్గర సర్వీస్ వైరు జాయింటు కాలి నల్లబడి ఉంది. రాత్రి కరెంటు లోపలికి వచ్చేటప్పుడు ఇంట్లో వోల్టేజ్ పడిపోయేది. పగలు బయటికి పోయేటప్పుడు అదే జాయింటు దగ్గర అడ్డుపడి వోల్టేజ్ పెరిగేది, హద్దు దాటగానే ఇన్వర్టర్ ఆగిపోయేది. లైన్‌మన్ వచ్చి జాయింటు మార్చాక మూకుడు మళ్లీ మూకుడైంది.

ఇక పక్కింటి ట్యాంక్. జులైలో అది నిర్దోషి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా తెనాలిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, దక్షిణపు ట్యాంక్ నీడ అప్పుడు మీ మీద పడదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా దిగుతాడు. అప్పుడు తొమ్మిదికి, పన్నెండుకు, మూడింటికి మేడెక్కి ఫోటోలు తీయండి. నీడ పడితే ప్యానెళ్లను జరపడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: పట్టపగలు ఎండలో కూడా కరెంటు పోగానే మా సోలార్ ఆగిపోతోంది. ఇన్వర్టర్ పాడైందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: లేదు, బుద్ధిగా పనిచేస్తోంది. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (వీధి లైనుతో కలిసి పనిచేసే) ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు పోగానే ఆగి తీరాలి. లేకపోతే కరెంటు తీసేశామనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాక్ కొడుతుంది. కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు చూసి దానంతటదే మొదలవుతుంది. అలా మొదలుకాకపోతే తెరమీద కనిపించే ఎర్రర్ కోడ్ రాసి పంపండి.