పేపర్లు దాచే బాబుకి మూడు చేపల కథ

మీ బాబు మార్కులు తగ్గిన పేపర్లు బ్యాగు అడుగున దాచేస్తున్నాడన్నారు కదండీ. తిట్టకండి, పంచతంత్రంలోని మూడు చేపల కథ చెప్పి చూడండి. "రేపొచ్చి వల వేద్దాం" అని జాలర్లు అనుకోవడం విని, ఆ చెరువులోని అనాగతవిధాత అనే చేప ముందే వేరే చెరువుకి వెళ్ళిపోతాడు. రెండో చేప ప్రత్యుత్పన్నమతి వలలో చచ్చినట్టు నటించి బతుకుతాడు. "ఏదైతే అదే అవుతుంది" అనుకున్న మూడో చేప యద్భవిష్యుడు చిక్కిపోతాడు. పేపరు దాచి ఊరుకోవడమూ యద్భవిష్యుడి పనేనని బాబుకే తడుతుంది. (ఆ పేర్లు పలకడమే పిల్లలకి సరదా!)

జాలర్ల మాట దగ్గర కథ ఆపి, "నువ్వైతే ఏం చేస్తావు నాన్నా?" అని అడగండి. ఇలా అడిగితే మా పాప ఆ రాత్రే పెన్సిల్ బాక్సులోంచి నాలుగు మడతలు పెట్టిన లెక్కల పేపరు తీసిచ్చింది. మీ బాబూ అలా తీసిస్తే, అప్పుడు మాత్రం ముఖం మాడ్చుకోకండి, అసలు కష్టం అక్కడే. పక్కన కూర్చుని, తప్పుపోయిన ఒక్క లెక్క చేయించండి.