పిల్లలతో కర్నూలు వెళ్లొచ్చాం, అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: మాది ఆదోని. బాబుకు ఐదేళ్లు, పాపకు రెండేళ్లు. మా ఆయన బట్టల దుకాణంలో పనిచేస్తాడు. ఆదివారం ఒక్కటే సెలవు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అని పోయిన నెల మా అత్తను కూడా తీసుకుని కర్నూలు వెళ్లాం. నాలుగింటికే లేచాం. కొండారెడ్డి బురుజు దగ్గర బాబు బాగా పరుగులు పెట్టాడు, టైమవుతోందని పది నిమిషాల్లో లాక్కొచ్చేశాం. తర్వాత బంధువుల ఇల్లు, హోటల్లో భోజనం, షాపింగ్. సాయంత్రం మాల్‌లో బొమ్మ కారు కావాలని బాబు నేల మీద పడి దొర్లాడు. అందరూ చూస్తుండగా మా ఆయన చెంప మీద కొట్టాడు. ‘నీకు పిల్లల్ని పెంచడం రాదు’ అంది మా అత్త. పిల్లలు పెద్దయ్యే దాకా ఎక్కడికీ తీసుకుపోనని ఆయన అంటున్నాడు. బాబేమో ‘నాన్న వస్తే నేను రాను’ అంటున్నాడు. తప్పు నా పెంపకానిదేనా?

జవాబు: కాదమ్మా. ఆ రోజును అలా వేసుకోవడంలోనే తేడా వచ్చింది. పొద్దున నాలుగింటికి లేపారు. ఆదోని నుంచి కర్నూలు చేరేసరికి బస్సులోనే రెండున్నర గంటలు పైన పోతుంది. ఉచిత ప్రయాణం వచ్చాక ఆదివారం పూట సీటు దొరకడమే గగనం. ఐదేళ్ల వాడికి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, రెండేళ్ల పాపకైతే పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14. ఆ రోజు ఇద్దరికీ పగలు కన్ను మూసే వీలే లేదు. పైగా బంధువుల ఇంట్లో ‘గమ్మునుండు, అది ముట్టుకోవద్దు’ అని అరడజను సార్లన్నా అని ఉంటారు. సాయంత్రానికి మాల్‌లో దొర్లింది మొండితనంతో కాదు, ఒళ్లు తెలియని అలసటతో. కారు వంక మాత్రమే. కారు కొనిచ్చి ఉంటే ఇంకో పది నిమిషాలకు చెప్పు బిగుతుగా ఉందని ఏడ్చేవాడు.

అలాంటప్పుడు వాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చేయాలి. జనం లేని చోట కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఏడుపు తగ్గేదాకా పక్కనే ఉండాలి. బుజ్జగిస్తూ ఉపన్యాసాలు ఇవ్వకూడదు, ఏ మాటా అప్పుడు వాడికి ఎక్కదు. ఒకసారి కొననని చెప్పాక ఏడ్చాడని కొనకూడదు కూడా. ‘ఇవాళ బట్టలకే వచ్చాం, బొమ్మలు లేవు’ అని గుమ్మం దగ్గరే చెప్పి తీసుకెళ్తే సగం పేచీ అక్కడే తగ్గుతుంది. మిగతా సగం ఎలాగూ ఉంటుంది, ఐదేళ్లంటే అంతే.

మీ ఆయన కొట్టింది కూడా కారు అడిగినందుకు కాదనిపిస్తోంది. వారమంతా కౌంటరు వెనక నిలబడి ఊళ్లోవాళ్ల పిల్లల పేచీలు నవ్వుతూ భరించే మనిషి. ఆ రోజు అంతమంది తన బిడ్డ వైపే చూసేసరికి పరువు పోయినట్టయింది. ఆయన బాధ అర్థమవుతుంది, దెబ్బను మాత్రం సమర్థించలేను. కొడితే పిల్లాడు నేర్చుకున్నది ఒక్కటే, నాన్నతో బయటికి వెళ్తే దెబ్బలు పడతాయని. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట, బాబు ‘నాన్న వస్తే నేను రాను’ అన్నదే. అత్త అన్న మాట కంటే, ‘ఎక్కడికీ తీసుకుపోను’ అన్న మాట కంటే ముందు దాన్ని చూడండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు అత్త ఎదురుగా వద్దు. పిల్లలు పడుకున్నాక మాట్లాడండి. దెబ్బతో మొదలుపెడితే ఆయన ‘నువ్వే గారాబం చేశావ్’ అంటాడు, మళ్లీ మొదటికే వస్తారు. ముందు ఆయన పడిన శ్రమ, ఖర్చు చెప్పండి. తర్వాత బాబు అంటున్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి. తండ్రికి అది గుచ్చుకోకుండా ఉండదు. ‘ఆ రోజు కొట్టకుండా ఉండాల్సింది నాన్నా’ అని ఆయనే వాడికి చెప్పాలి, మీరు చెబితే లాభం లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తినడానికో, మంగలి షాపుకో వాణ్ణి ఒక్కణ్ణే వెంట తీసుకెళ్లమనండి. భయం పోవడానికి కర్నూలు దాకా అక్కర్లేదు. ఇంట్లో చెయ్యి చేసుకోవడం తరచూ జరుగుతుంటే మాత్రం ఇది వేరే సంగతి. దాచుకోకుండా మళ్లీ రాయండి, అవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

అత్త సంగతి. ఆమె కూడా అదే బస్సులో నిలబడింది, అదే ఎండలో తిరిగింది. ఒళ్లు నొప్పులతో అన్న మాటకు పెంపకం మీద తీర్పు అంత బరువు ఇవ్వకండి. పాతకాలం వాళ్లు ఆరేడుగురిని పెంచారు, నిజమే. కానీ ఆరుగురినీ వెంటేసుకుని ఏసీ మాల్‌లో ఎవరూ తిరగలేదు! ఈ మాట మనలో ఉండనివ్వండి, ఆమెతో అనొద్దు.

ఇక మళ్లీ వెళ్లడం మానొద్దు, తగ్గించండి. ఓర్వకల్లు రాళ్లు, బెలూం గుహలు పాపకు కాస్త కాళ్లు గట్టిపడ్డాక చూడొచ్చు. రోజు మొత్తంలో మీ వాడు హాయిగా ఉన్నది బురుజు దగ్గరే. అక్కడ రూపాయి ఖర్చు కాలేదు, అయినా దాన్నే కోసేశారు. ఈసారి అదొక్కటే పెట్టుకోండి. గద్వాల కొండారెడ్డిని నవాబు అందులో బంధించాడనీ, అక్కడి నుంచి తుంగభద్ర అడుగున గద్వాల దాకా సొరంగం ఉందనీ మన జిల్లాలో చెప్పుకునే కథ బస్సులో వాడి జేజితో, అదే మీ అత్తతో చెప్పించండి. దిగాక ఎండ ముదరకముందే వాడికి విసుగొచ్చేదాకా తిరగనివ్వండి. పిల్లల అన్నం టైముకే తినిపించి, ఒంటిగంట ప్రాంతంలో తిరుగు బస్సెక్కితే పాప మీ ఒళ్లోనే నిద్రపోతుంది. బట్టలు కొనాలంటే మరో రోజు మీరూ మీ ఆయనా వెళ్లండి, పిల్లలు జేజి దగ్గర ఉంటారు.