చేత్తో చేసిన వయొలిన్‌కూ ఫ్యాక్టరీ వయొలిన్‌కూ శబ్దంలో నిజంగా తేడా ఉంటుందా?

వనపర్తి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. వారి అమ్మాయి కొన్నేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నది, 5 శ్రుతిలో, అంటే పాశ్చాత్య జి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని వాయిస్తుంది. చేత్తో చేసిన వాద్యం కొనమని తెలిసినవారు చెబుతున్నారు కానీ దాని ధర చాలా ఎక్కువగా ఉన్నది. ఆ తేడా చెవికి తెలిసేదేనా, పేరు కోసమే కొంటారా, మన టేకుతో ఇక్కడి వడ్రంగుల చేతనే చేయించుకోవచ్చా అని వారు అడిగారు.

తేడా ఉన్నదండీ, చెవికి స్పష్టంగానే తెలుస్తుంది. నేను మహబూబ్‌నగర్‌లో చాలా కాలంగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. ఫ్యాక్టరీలో తయారైన వాద్యం ఒకటి, బెంగళూరులో ఒక తయారీదారు చేత్తో చేసి ఇచ్చిన వాద్యం ఒకటి నా దగ్గర ఉన్నాయి, రెండింటినీ రోజూ వాయిస్తాను. నా అనుభవంలో ఆ తేడాలో ఒక భాగం చెక్కను మలచిన చేతి నుంచి వస్తుంది. దానికి ఏ మాత్రం తీసిపోని మరొక భాగం బ్రిడ్జినీ (తీగలను పైకెత్తి మోసే చిన్న చెక్క ముక్క) సౌండ్ పోస్టునూ (లోపల రెండు పలకల నడుమ నిలబెట్టే పుల్ల) అమర్చిన తీరు నుంచి వస్తుంది. ఈ రెండో భాగాన్ని మీ అమ్మాయి దగ్గర ఇప్పుడున్న వాద్యానికి కూడా తక్కువ ఖర్చుతో సమకూర్చవచ్చు. కాబట్టి కొనే ముందు ఈ రెండింటినీ విడదీసి చూడవలసి ఉంటుంది.

తీగ ఒక్కటే ఎంత కదిలినా గాలిని పెద్దగా కదిలించలేదు. ఈ సంగతి మన పాలమూరు నేలకు కొత్తది కాదు. నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని 12 మెట్ల కిన్నెరకు వెదురు దండి కింద ఎండిన సొరకాయ బుర్రలు కట్టేది తీగ నాదాన్ని పెంచడానికే. ఆ కిన్నెరను వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కనుక చాలామంది దాన్ని చూసే ఉంటారు. వయొలిన్‌లో ఆ పనిని రెండు పలుచని చెక్క పలకలు చేస్తాయి. గుగ్గిలం లాంటి రోజిన్ పూసిన కమాను తీగను పట్టి లాగుతుంది, తీగ జారి వెనక్కు వెళుతుంది, మళ్లీ పట్టుబడుతుంది. 440 హెర్ట్జ్ స్వరం పలుకుతున్నప్పుడు ఈ పట్టు, జారు సెకనుకు 440 సార్లు జరుగుతాయి. ఆ కదలిక బ్రిడ్జి ద్వారా పై పలకకు దిగుతుంది. బ్రిడ్జికి ఉన్న రెండు పాదాలలో సన్నతీగ వైపు పాదానికి దగ్గరగా లోపల సౌండ్ పోస్టు నిలబడి ఉంటుంది కనుక ఆ వైపు కదలిక తక్కువగా ఉంటుంది. మంద్ర తీగ వైపు పాదం కింద పొడవునా అతికించిన బాస్ బార్ అనే చెక్క పట్టీ ఉంటుంది. ఆ వైపు పలక ఎక్కువగా పైకీ కిందికీ ఊగి లోపలి గాలిని ఎఫ్ ఆకారపు రంధ్రాల గుండా తోస్తుంది. వయొలిన్ కంఠం ఇక్కడ పుడుతుంది.

ఇప్పుడు ఆ పలక విషయం. పై పలకను స్ప్రూస్ చెక్కతో, కింది పలకను, పక్కలను, మెడను మేపుల్ చెక్కతో చేస్తారు. బెంగళూరు కార్ఖానాలో నా వాద్యం తయారవుతున్నప్పుడు కొంతకాలం దగ్గర కూర్చుని చూసే అవకాశం నాకు దొరికింది. ఆ తయారీదారు పై పలకను ఉలితో దొలిచి, బొటనవేలంత ఉన్న చిన్న చిత్రికతో సాపు చేసి, చివరకు పలుచని ఉక్కు రేకుతో లోపలి వైపు గీకుతూ దాదాపు 3 మిల్లీమీటర్ల మందానికి తెచ్చారు. ఆ తర్వాత పలకను ఒక చోట రెండు వేళ్లతో పట్టుకుని ఇంకొక చోట వేలి కణుపుతో తట్టి విన్నారు, రెండు చేతులతో కొద్దిగా వంచి చూశారు, తూకం వేశారు, మళ్లీ గీకారు. గీకిన పొట్టు ఉల్లిపొర కంటే పలుచగా ఉన్నది. ఒకే దుంగ నుంచి వచ్చిన రెండు ముక్కలలో ఒకటి బిరుసుగా, ఇంకొకటి మెత్తగా ఉండవచ్చుననీ, బిరుసు ముక్కను ఇంకొంచెం పలుచగా చేయవచ్చు గానీ మెత్తని ముక్కను ఆ మందం వరకు తెస్తే వాద్యం మొదట్లో బాగా పలికినా కొన్నాళ్లకు బ్రిడ్జి కింద కుంగుతుందనీ ఆయన వివరించారు. బాస్ బార్‌తో కలిపి ఆ పలక బరువు 70 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. నాలుగు తీగల లాగుడు మొత్తం కలిపితే 20 కిలోల బరువుకు పైనే ఉంటుంది. అంత తేలికైన చెక్క అంత బిగువును ఏళ్ల తరబడి మోయాలి, పైగా స్వేచ్ఛగా కంపించాలి. ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ విద్యలో కష్టమైన భాగమని నాకు అప్పుడు అర్థమైంది.

ఫ్యాక్టరీ యంత్రం ప్రతి పలకనూ ఒకే కొలతకు కోస్తుంది, చెక్క గుణం దానికి తెలియదు. పగిలి తిరిగి రాకూడదన్న జాగ్రత్తతో మందాన్ని కొంచెం ఎక్కువగానే ఉంచుతారు. చౌక రకాలలో బాస్ బార్‌ను విడిగా అమర్చకుండా అదే పలకలో నుంచి చెక్కి వదిలేస్తారు, పైన మందమైన గట్టి వార్నిష్ కొడతారు. అటువంటి వాద్యంలో మంద్ర స్థాయి మూగగా ఉంటుంది, పై స్థాయి కీచుగా వినిపిస్తుంది. చేత్తో చేసిన మంచి వాద్యంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది శబ్దం గట్టిగా రావడం కాదు, మెల్లగా వాయించినప్పుడు కూడా స్వరం నిండుగా నిలవడం. తోడి రాగంలో గాంధారాన్ని ఊపుతున్నప్పుడు, కమాను మీద బరువు దాదాపు లేకుండా శహన రాగం వాయిస్తున్నప్పుడు, వేలు జారే ప్రతి అడుగూ వినిపిస్తుంది. శ్రీరామనవమికి గుడి మండపంలో మైకు సరిగా లేని చోట నేను ఆ వాద్యాన్నే తీసుకువెళతాను, ఎందుకంటే దగ్గర ఉన్నవారికి పెద్దగా అనిపించకపోయినా చివరి వరుస వరకు దాని స్వరం చేరుతుంది.

టేకు గురించి అడిగారు. మన వడ్రంగుల చేతిపనిలో ఏ లోటూ లేదు, చిక్కంతా చెక్కతోనే. స్ప్రూస్ ఘన మీటరుకు 400 కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, అయినా నార పొడవునా దాని బిరుసు అడ్డంగా ఉన్న బిరుసుకు పది రెట్లకు పైగా ఉంటుంది, శబ్దం ఆ దిశలో సెకనుకు 5000 మీటర్లకు మించిన వేగంతో ప్రయాణిస్తుంది. టేకు 600 కిలోలు దాటుతుంది, జిట్రేగి 800 దాటుతుంది. అంత బరువైన పలకను కమాను తేలికగా కదిలించలేదు. జిట్రేగి మాత్రం బిరడాలకూ, తీగల కింది కొసలను పట్టి ఉంచే టెయిల్ పీస్‌కూ చక్కగా పనికివస్తుంది. పై పలకకు స్ప్రూస్ తెప్పించుకోవలసిందే.

పాత ఇటలీ వాద్యాల రహస్యం గురించి చెప్పే మాటలతో బెదరవలసిన పని లేదు. క్రెమోనాలో ప్రసిద్ధ తయారీదారు స్ట్రాడివారి (1644–1737) చేసిన వాద్యాలు మహత్తరమైనవే, అందులో సందేహం లేదు. అయితే ఈ రోజు మనం వినే ఆ వాద్యాలలో చాలావాటికి 19వ శతాబ్దంలో మెడ మార్చారు, బాస్ బార్ మార్చారు, తీగలు సరేసరి. శబ్ద పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్ బృందం 2012లో ప్రచురించిన పరీక్షలో 21 మంది కళాకారులు పాతవేవో కొత్తవేవో కనబడకుండా వాయించి చూశారు, వారిలో ఎక్కువమంది కొత్త వాద్యాలనే ఇష్టపడ్డారు. 2014లో ప్రచురించిన రెండో పరీక్షలో 10 మంది ప్రసిద్ధ సోలో కళాకారులలో ఆరుగురు కొత్త వాద్యాలను ఎంచుకున్నారు. నేడు బతికి ఉన్న తయారీదారు చేతిలో కూడా గొప్ప వాద్యం తయారవుతుందని నమ్మడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు.

ఇక అమరిక సంగతి. సౌండ్ పోస్టు అనేది 6 మిల్లీమీటర్ల మందమున్న స్ప్రూస్ పుల్ల. దానికి జిగురు ఉండదు, రెండు పలకల నడుమ ఒత్తిడితోనే నిలబడుతుంది. ఎస్ ఆకారంలో వంచిన ఇనుప పనిముట్టుకు దాన్ని గుచ్చి, ఎఫ్ రంధ్రంలో నుంచి లోపలికి పంపి నిలబెడతారు. నా ఫ్యాక్టరీ వయొలిన్‌ను కూడా అదే కార్ఖానాకు తీసుకువెళ్లాను. కొన్ననాటి నుంచి ఆ పుల్ల వంకరగా నిలబడి ఉన్నది, పైకొస పలకకు పూర్తిగా ఆనలేదు. ఆయన కొత్త పుల్ల కోసి, దాని రెండు కొసలను పలకల వంపుకు సరిపోయేలా అరగదీసి, బ్రిడ్జి పాదానికి కొంచెం వెనుకగా నిలబెట్టారు. నేను వాయిస్తుంటే విని వెంట్రుకవాసి జరిపారు, మళ్లీ వాయించమన్నారు. మందంగా ఉన్న బ్రిడ్జిని కూడా పలుచగా చెక్కి, దాని పాదాలను పలక వంపుకు అతికినట్టు కూర్చారు. అప్పటి వరకు గొంతు పట్టేసినట్టు ఉన్న ఆ వాద్యం ఆ సాయంత్రమే విప్పుకుని పలికింది. అది చేత్తో చేసిన వాద్యంతో సమానం కాలేదు గానీ, ఇప్పటికీ పాఠాలకు నేను దాన్నే వాడుతున్నాను.

మీ అమ్మాయి 5 శ్రుతికి ఇది మరీ ముఖ్యం. ఆ శ్రుతిలో కింది రెండు తీగలు పాశ్చాత్య పద్ధతిలో ఉండే జి, డి స్వరాల దగ్గరే ఉంటాయి, పై రెండు తీగలు మాత్రం ఒక్కొక్కటి రెండు స్వరస్థానాలు దిగుతాయి. తీగ అదే అయినప్పుడు బిగువు స్వరపు హెర్ట్జ్ సంఖ్య వర్గాన్ని (స్క్వేర్‌ను) అనుసరించి మారుతుంది కనుక, ఆ రెండు తీగలలో బిగువు దాదాపు 20 శాతం తగ్గుతుంది. అంగడిలో అమ్మే వాద్యాలను ఆ తగ్గిన బిగువును దృష్టిలో పెట్టుకుని అమర్చరు. శ్రుతి చెప్పి, దానికి తగిన గేజ్ (మందం) ఉన్న తీగలు వేయించి, వాటితోనే సౌండ్ పోస్టు సరిచేయించండి.

మన వాతావరణం గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు గాలిలో తేమ చాలా తక్కువగా ఉంటుంది. చెక్క నారకు అడ్డంగా ముడుచుకుంటుంది, పలకకూ పక్కలకూ మధ్య అతుకు విడుతుంది, ఒక్కొక్క స్వరం దగ్గర జిర్రుమనే చప్పుడు వస్తుంది. వానలు పడగానే చెక్క ఉబ్బి బిరడాలు బిగుసుకుంటాయి. చేత్తో చేసే వాద్యంలో జంతు చర్మం నుంచి తీసిన జిగురు వాడతారు, వేడికీ తేమకూ అది కరిగి వస్తుంది. చెక్క పగిలే లోపే అతుకు వదులుతుంది, మళ్లీ అతికించవచ్చు. మాకు తెలిసిన ఒక ఇంట్లో అతుకు విడితే ఫర్నిచర్ పని చేసేవారి చేత తెల్ల జిగురు పెట్టించారు. మరుసటి ఎండాకాలం ఆ అతుకు చెక్కుచెదరలేదు, దానికి బదులు పై పలకే నిలువునా చీలింది. కాబట్టి అతుకు విడితే తీగలు కొంచెం వదులు చేసి పెట్టెలో ఉంచండి, తెలిసినవారి దగ్గరికి చేరే వరకు ఎవరినీ ముట్టనివ్వకండి. ఎండలో నిలిపిన కారులో వాద్యాన్ని ఒక్క పూట కూడా వదలవద్దు. పెట్టెలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు, చిన్న తేమ కొలత పరికరాలు చౌకగానే దొరుకుతాయి.

కనుక నా సలహా ఇది. ఇప్పుడున్న వాద్యం పలకలు అసలు చెక్కవే అయి, ప్లైవుడ్ లాగా పొరలు అతికించి ఒత్తినవి కాకపోతే, ముందుగా బ్రిడ్జి, సౌండ్ పోస్టు, తీగలు మార్పించి ఒక సంవత్సరం వాయించనివ్వండి. ఆ తర్వాత కూడా అమ్మాయి చేతికి ఆ వాద్యం అడ్డుపడుతున్నదని ఆమె గురువు గారు అంటే, అప్పుడు చేత్తో చేసినది కొనండి. కొనడానికి వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకువెళ్లి, ఆమె శ్రుతిలోనే తీగలు కట్టించి, ఆమె చేతనే వాయింపజేసి, మీరు గదికి ఆ చివర నిలబడి వినండి. వేళ్లు నొక్కే ఫింగర్ బోర్డు నిజమైన ఎబొనీయా (గట్టి నల్ల చెక్క), నల్ల రంగు వేసిన మెత్తని చెక్కా అన్నది పక్కవైపున చూసి తెలుసుకోండి. ఇక్కడి ఒక ఎండాకాలం, ఒక వానకాలం గడిచాక వాద్యాన్ని తెస్తే సౌండ్ పోస్టు మళ్లీ సరిచేసి ఇస్తారా అని బేరం కుదరకముందే అడగండి. దానికి సరేనని ఒప్పుకునే తయారీదారు దగ్గరే కొనండి.