ఇంట్లో చేసే సల్సా (మెక్సికో వాళ్లు నంజుకునే టమాటా మిశ్రమం) నీళ్లగా ఎందుకవుతుంది? పిల్లలకు దేంతో పెట్టాలి?
టమాటాలో దాదాపు 95 శాతం నీరే. ఉప్పు తగలగానే అది బయటికొచ్చేస్తుంది. అందుకని గింజల గుజ్జు తీసేసి (పారేయకండి, చారులో వేసుకోండి), ముక్కలకు ఉప్పు పట్టించి పావుగంట జల్లెడలో ఉంచండి. ఆ తర్వాతే సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలపాలి. మా నెల్లూరు వైపు పొదలకూరు నిమ్మకాయలుంటే పులుపుకి లోటేముంది! చింతపండు మాత్రం వద్దు, పచ్చడి అయిపోతుంది. మిక్సీలో తిప్పితే నురగొచ్చి రంగు పాలిపోతుంది. మెక్సికోలో కొన్ని సల్సాలను మొల్కహెటే అనే రాతి రోట్లో నూరుతారు, మన రోటి పచ్చడికి దూరపు చుట్టమన్నమాట.

సాయంత్రం చిన్న చిన్న దోసెల మీద కారెట్, బీట్‌రూట్ తురుము చల్లి, కాలాక త్రికోణాలుగా కోసి, మధ్యలో సల్సా గిన్నె పెట్టండి. మా చిన్నోడు కారం దోసె ముట్టడు గానీ ఇవి మాత్రం ముంచుకుని ముంచుకుని తింటాడు. పచ్చిమిర్చి సగం తగ్గిస్తాను లెండి.

రాత్రికైతే మొక్కజొన్న గింజలు, క్యాప్సికం, బీన్స్ వేయించి, సల్సాతో కలిపి చపాతీలో చుట్టేయడమే. చుట్టాక వెంటనే తినాలి, లేకపోతే చపాతీ నానిపోతుంది. మిగిలిన సల్సాని ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు తాలింపులో మగ్గిస్తే అన్నంలోకి పనికొస్తుంది.