వాడు "నేనే" అంటే చేయనివ్వు

కనిగిరి,
గురువారం.

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడిచావు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. బుడ్డోడికి రెండేళ్లు నిండి నాలుగు నెలలైంది, ఏం చెప్పినా "వద్దు" అంటున్నాడు, కింద పడి దొర్లుతున్నాడు, నా పెంపకంలోనే లోపం ఉంది అన్నావు. ఆ మాట మనసులోంచి తీసేయి తల్లీ. అంగన్‌వాడీలో 28 ఏళ్లు పిలకాయల మధ్యే గడిపినదాన్ని చెప్తున్నా, మూడో ఏడు నడిచేటప్పుడు అందరూ ఇంతే.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు చెంబులో నీళ్లు గ్లాసులోకి వంచుకోబోతే, ఒలకబోస్తాడని నువ్వు లాక్కున్నావు. "నేనే, నేనే" అని అరుస్తూ నేల మీద పడ్డాడు. నువ్వు బట్టలు సర్దుకుంటుండగా పూజ గదిలోని చిన్న రాగి చెంబులో సగం నీళ్లు పోసి నేను వాడికిచ్చా. రెండు చేతులా పట్టుకుని, నాలిక బయటపెట్టి, మెల్లగా వంచాడు. కొన్ని గ్లాసులో పడ్డాయి, కొన్ని బండల మీద. వెంటనే నా కొంగు లాగి నేల తుడిచాడు. తుడిచి, మళ్లీ చెంబు చాపి "ఇంకా" అన్నాడు.

వాడికి కావాల్సింది అదే. తన పని తను చేసుకోవాలని ఉంది, చేతులకి ఇంకా నేర్పు రాలేదు. చెప్పాలని ఉంది, మాటలు చాలవు. ఆ ఉక్రోషంతోనే దొర్లుతాడు. అప్పుడు తిట్టకు, బతిమాలకు, ఫోన్ మాత్రం చేతికివ్వకు. తల ఎక్కడా తగలకుండా చూసుకుంటూ పక్కన కూర్చో. తగ్గాక ఒళ్లోకి తీసుకుని "కోపం వచ్చిందా నాన్నా" అను. ఆ మాట నేర్చుకుంటే మెల్లగా దొర్లడం మాని నోటితో చెప్తాడు. బయటికెళ్లేటప్పుడు పది నిమిషాలు ముందే బయల్దేరు, చెప్పులు వాడినే వేసుకోనీ, ఎడమది కుడికాలికి వేసుకున్నా సరే. చొక్కా వేసుకుంటావా అంటే వద్దంటాడు, నీలం చొక్కానా పచ్చదా అని అడుగు. పొయ్యి దగ్గర, రోడ్డు మీద మాత్రం అడగడాలు లేవు, ఎత్తుకుని వచ్చేయడమే.

మగపిల్లలకి మాటలు ఆలస్యమే అని మీ అత్తగారు అన్నారన్నావు. ఆవిడంటే నాకు గౌరవమే గానీ ఆ మాట నమ్మి ఏ తల్లీ ఊరుకోకూడదు. రెండేళ్లకి "అమ్మా దా" అన్నట్టు రెండు మాటలు కలపాలి. మూడు నిండేసరికి చిన్న చిన్న వాక్యాలు రావాలి, బయటివాళ్లకి కూడా చాలావరకు అర్థమవ్వాలి. మనవాడు కలుపుతున్నాడు, టెన్షన్ పడకు. కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పిలిస్తే తిరగకపోయినా డాక్టరుకి చూపించాలి, చెవులు కూడా పరీక్ష చేయించాలి. మా కేంద్రానికి వచ్చిన ఒక పాపకి వినపడదని నాలుగో ఏట గానీ తెలియలేదు. నేనే ముందు పట్టుకోలేకపోయానని ఇప్పటికీ బాధ. అంగన్‌వాడీలో పేరుంటే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే పథకం) డాక్టర్లు వచ్చి ఉచితంగానే చూస్తారు.

ఫోన్, టీవీ అన్నీ కలిపి ఈ వయసుకి రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎంత తగ్గిస్తే అంత మంచిది. నువ్వు వంట చేస్తూ వాడితో మాట్లాడు, బఠాణీలు ఒలవమని కూర్చోబెట్టు, కానీ నోట్లో పెట్టుకోకుండా ఓ కన్నేసి ఉంచు.

అన్నం దగ్గర గొడవ వద్దు, ఒక పూట తక్కువ తింటే ఏం కాదు. చేపల పులుసు పెడితే ముక్కని వేళ్లతో నలిపి ముల్లు లేదని చూశాకే పెట్టు. శనక్కాయలు నాలుగేళ్లు నిండేదాకా గింజలుగా ఇవ్వొద్దు, ఊపిరి గొట్టానికి అడ్డం పడతాయి. పొడి కొట్టి అన్నంలో కలుపు. ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు, నులిపురుగుల మాత్ర వేయించు. లాగు తడిపితే కొట్టకు. రాత్రుళ్లు తడపకుండా ఆపుకోవడం పిల్లలకి పగటికంటే ఇంకా ఆలస్యంగా వస్తుంది.

ఆదివారం పొద్దున బస్సుకి నెల్లూరు వస్తున్నా. రాగి చెంబు తెస్తా. నేల తుడుచుకోవడానికి పాత గుడ్డ ఒకటి వాడికి అందేచోట తగిలించి ఉంచు.

మీ పెద్దమ్మ